బాబ్ మార్లే: తూటా తగిలిన రెండు రోజులకే స్టేజ్ ఎక్కాడు.. రెగ్గే బీట్ వెనక అసలు కథ ఇదీ

జడలు కట్టిన జుట్టు, నవ్వు మొహం, వెనకాల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ఈ బొమ్మ ఉన్న టీషర్ట్ ఒక్కసారైనా మీ కంట పడే ఉంటుంది. బైక్ మీద స్టిక్కర్‌గానూ చూసే ఉంటారు. ఆ మొహం బాబ్ మార్లేది. అయితే బొమ్మ తెలిసినంతగా చాలామందికి పాట తెలియదు. ఆ పాట ఎక్కడ పుట్టింది? దాని బీట్ ఎందుకు కాస్త వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది? దాన్ని తయారు చేసినవాళ్లకి చివరికి ఏం మిగిలింది? వీటన్నిటికీ జవాబులు మార్లే బతికిన 36 ఏళ్ల చుట్టూనే ఉన్నాయి.

నైన్ మైల్ నుంచి ట్రెంచ్ టౌన్‌కి

1945 ఫిబ్రవరి 6. జమైకా అప్పటికి ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. సెయింట్ ఆన్ ప్రాంతంలో నైన్ మైల్ అనే కొండ పల్లెలో 18 ఏళ్ల నల్లజాతి అమ్మాయి సెడెల్లాకి కొడుకు పుట్టాడు. తండ్రి నార్వల్ మార్లే తెల్లవాడు, వయసులో ఆమెకంటే చాలా పెద్ద. పెళ్లయితే చేసుకున్నాడు కానీ కాపురం మాత్రం చేయలేదు. ఎప్పుడో ఒకసారి కనిపించేవాడు. బాబ్‌కి పదేళ్ల వయసులో చనిపోయాడు. తెల్ల తండ్రి, నల్ల తల్లి కావడంతో ఆ పిల్లాడిని రెండు వైపులవాళ్లూ తమవాడు అనుకోలేదు. చిన్నప్పుడు ఈ మాట మీద ఎగతాళి కూడా పడ్డాడు.

పనికోసం సెడెల్లా రాజధాని కింగ్‌స్టన్ చేరింది. సుమారు 12 ఏళ్ల బాబ్ ఆమె వెంటే ట్రెంచ్ టౌన్ వచ్చాడు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, మధ్యలో అందరికీ కలిపి ఒక వాకిలి, ఒకే పంపు, ఒకే వంటచోటు. ఆ వాకిళ్లనే అక్కడ యార్డులు అంటారు. నైన్ మైల్‌లో చిన్ననాటి దోస్తు బన్నీ లివింగ్‌స్టన్ కూడా ఇక్కడికే వచ్చాడు. ఆ తర్వాత బన్నీ తండ్రికి, బాబ్ తల్లికి ఒక కూతురు పుట్టడంతో ఇద్దరు దోస్తులకీ ఒకే చెల్లి అయింది.

14 ఏళ్లకే బాబ్ బడి మానేసి వెల్డింగ్ షాపులో చేరాడు. ఒకరోజు ఇనుప రవ్వ ఎగిరి కంట్లో పడింది. నొప్పితో అల్లాడిపోయాడు. ఇక ఆ పని వద్దు, పాటే పని అని తేల్చుకోడానికి అదొక కారణం. అదే షాపులో పనిచేసిన డెస్మండ్ డెక్కర్ కూడా తర్వాత జమైకాలో పెద్ద సింగర్ అయ్యాడు.

అసలు ఈ సంగీతం ఎక్కడిది?

ఇక్కడ కాసేపు బాబ్‌ని పక్కన పెట్టి కింగ్‌స్టన్ వీధుల్లోకి వెళ్లాలి.

1950ల్లో అక్కడి పేదవాళ్లకి రేడియో కొనుక్కోవడమే గొప్ప. బ్యాండ్ మేళం పెట్టించుకోవడం ఇంకా ఖరీదు. అందుకే సౌండ్ సిస్టమ్‌లు వచ్చాయి. మన దగ్గర జాతరకి, ఊరేగింపుకి వచ్చే డీజే బాక్సుల్ని ఊహించుకోండి. దాదాపు అదే పద్ధతి. అలమరా అంత స్పీకర్లు, ఒక రికార్డ్ ప్లేయర్, వాటిని మోసే లారీ, టికెట్ పెట్టి డ్యాన్స్. కాక్సన్ డాడ్‌ది ఒక సెట్, మాజీ పోలీసు డ్యూక్ రీడ్‌ది ఇంకో సెట్. ఇద్దరి మధ్య పోటీ మామూలుగా ఉండేది కాదు. అమెరికా నుంచి మంచి రికార్డు తెస్తే, దాని పేరు అవతలివాడికి తెలియకుండా మీద ఉన్న లేబుల్ గీకి పారేసేవాళ్లు.

వాళ్లు వేసేది అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్. 50ల చివరికి అమెరికాలో ట్రెండ్ మారి అలాంటి రికార్డులు రావడం తగ్గిపోయింది. డ్యాన్సుకి వచ్చే జనానికి మాత్రం అదే కావాలి. దాంతో సౌండ్ సిస్టమ్ ఓనర్లే స్థానిక వాయిద్యగాళ్లని పిలిచి రికార్డింగులు మొదలుపెట్టారు. ఆ వాయిద్యగాళ్ల చేతుల్లో పల్లెల నాటి మెంటో పాట ఉంది, జాజ్ ఉంది, చర్చి పాట ఉంది, రాస్తఫారీ గుంపుల డోలు దెబ్బ ఉంది. అన్నీ కలిసి స్కా పుట్టింది. హుషారు స్పీడు, ట్రంపెట్లు, శాక్సఫోన్లు. గిటార్, పియానో మాత్రం ప్రధాన దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో టక్కుమని మోగేవి. జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టులో. ఆ సంబరానికి స్కానే సౌండ్‌ట్రాక్.

ఆ ఏడాదే 17 ఏళ్ల బాబ్ నిర్మాత లెస్లీ కాంగ్ దగ్గర తొలి పాటలు రికార్డ్ చేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఫీజు లేని పాఠాలు

ట్రెంచ్ టౌన్‌లో జో హిగ్స్ అనే సింగర్ ఉండేవాడు. తన యార్డులోనే కుర్రాళ్లని కూర్చోబెట్టుకుని గొంతులు ఎలా కలపాలో నేర్పేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. బాబ్, బన్నీ, గిటార్ వాయించే పొడుగు కుర్రాడు పీటర్ టోష్ అక్కడే జట్టు కట్టారు. జట్టు పేరు చివరికి వెయిలర్స్‌గా స్థిరపడింది. అందరూ బాబ్ పేరే చెప్తారు కానీ, జో హిగ్స్ లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేది.

1963లో కాక్సన్ డాడ్ స్టూడియో వన్‌లో ఆడిషన్ ఇచ్చారు. అక్కడ చేసిన 'సిమ్మర్ డౌన్' జమైకాలో నంబర్ వన్ అయింది. కింగ్‌స్టన్ బస్తీల్లో కత్తులు పట్టుకు తిరిగే రూడ్ బాయ్స్‌ని కాస్త తగ్గమని చెప్పే పాట అది. వెనక వాయించింది స్కాటలైట్స్ అనే మహా బ్యాండ్. పాట ఊరూవాడా మోగింది కానీ పాడిన కుర్రాళ్లకి దక్కింది వారానికి కొద్ది పౌండ్లు మాత్రమే. అప్పటికే తల్లి అమెరికా వెళ్లిపోవడంతో ఉండటానికి ఇల్లు లేక, బాబ్ స్టూడియో వెనక గదిలోనే పడుకునేవాడు.

1966 ఫిబ్రవరిలో తోటి సింగర్ రీటా ఆండర్సన్‌ని పెళ్లి చేసుకున్నాడు. కొద్ది రోజుల్లోనే అమెరికాలోని డెలవేర్‌లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లిపోయాడు. పాటల సొంత లేబుల్ పెట్టుకోడానికి డబ్బు కూడబెట్టాలి. దాని కోసం ఫ్యాక్టరీ షిఫ్టులు కూడా చేశాడు. సరిగ్గా ఆ సమయంలోనే, ఏప్రిల్ 21న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ కింగ్‌స్టన్‌లో దిగాడు. రాస్తఫారీలకి ఆయన సాక్షాత్తు దేవుడు. చూడటానికి వచ్చిన జనంలో రీటా ఉంది. బాబ్ లేడు. భార్య నమ్మకమే తర్వాత భర్తనీ ఆ దారిలోకి తీసుకెళ్లింది.

ఇక్కడ ఒక చిన్న మాట. రాస్తఫారీలు పవిత్రంగా భావించే గంజాయిని జమైకాలో గాంజా అనే అంటారు. 1845 నుంచి చెరకు తోటల్లో పనికి తీసుకెళ్లిన భారతీయ కూలీలతో పాటు అక్కడికి చేరిన మాట అది.

ఖాళీగా వదిలేసిన మొదటి దెబ్బ

బాబ్ తిరిగొచ్చేసరికి ఊళ్లో సంగీతమే మారిపోయింది. స్కా స్పీడు తగ్గి రాక్‌స్టెడీ అయింది. ట్రంపెట్లు వెనక్కి వెళ్లాయి, బేస్ గిటార్ ముందుకొచ్చింది. 1966 వేసవి ఎండలకి అంత హుషారుగా ఆడలేకే స్పీడు తగ్గిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బాగానే ఉంది కానీ అమెరికన్ సోల్ పాటల ప్రభావం, స్టూడియోల్లో ఎలక్ట్రిక్ బేస్ రావడం అంతకంటే గట్టి కారణాలు.

రెండేళ్లలోనే అది మళ్లీ మారింది. 1968లో టూట్స్ అండ్ ద మేటల్స్ తమ పాట పేరులో రెగ్గే అనే మాట వాడారు. రికార్డు మీద ఆ మాట కనిపించడం అదే మొదలని చెప్తారు. చిరుగు గుడ్డలు అనే అర్థమో, గొడవ అనే అర్థమో ఉన్న జమైకా మాట నుంచి వచ్చిందంటారు. ఏదైనా సరే, బస్తీ మాటే.

ఇక అసలు పాయింట్. మన తీన్మార్ వినండి. మొదటి దెబ్బకే కాలు లేస్తుంది. రాక్, పాప్, డిస్కోల్లోనూ మొదటి లెక్క దగ్గర సాధారణంగా దెబ్బ పడుతుంది. రెగ్గేలో అలా కాదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. ఒకటి దగ్గర డ్రమ్మర్ ఏమీ కొట్టడు. కాలి డ్రమ్ము, స్నేర్ మీద కర్ర దెబ్బ.. రెండూ కలిసి మూడు దగ్గర పడతాయి. దీన్నే వన్ డ్రాప్ అంటారు. మొదటిది జారవిడిచేయడం అన్నమాట. రెండు, నాలుగు దగ్గర గిటార్ పొట్టిగా, పొడిగా చక్ మంటుంది. దాని సందుల్లో ఆర్గాన్ నీళ్లు మరుగుతున్నట్టు బుడబుడలాడుతుంది. పాటకి రాగం ఇచ్చేది చాలాసార్లు బేస్ గిటారే. అది కూడా గలగలా మాట్లాడేయదు. నాలుగు స్వరాలు పలికి ఆగుతుంది, మళ్లీ పలుకుతుంది. ఆ ఆగడంలోనే ఊపు ఉంది. చెవికి అలవాటైన చోట దెబ్బ పడకపోయేసరికి ఒళ్లే ఆ ఖాళీని నింపడానికి ఊగుతుంది. రెగ్గేకి తల అలా నెమ్మదిగా ఊగడానికి కారణం అదే. ఫోన్ స్పీకర్లో వింటే ఇందులో సగం పోతుంది. బేస్ వినాలంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే.

ఈ వన్ డ్రాప్‌ని ప్రపంచం మొత్తం గుర్తుపట్టేలా చేసింది ఇద్దరు అన్నదమ్ములు. డ్రమ్స్ మీద కార్ల్‌టన్ బారెట్, బేస్ మీద ఆస్టన్ బారెట్. ఆస్టన్‌ని అందరూ ఫ్యామిలీ మ్యాన్ అని పిలిచేవాళ్లు. ఇతనూ వెల్డింగ్ పని చేసినవాడే. నేర్చుకున్న మొదటి బేస్ గిటార్ చెక్కతో తనే చేసుకున్నది. నిర్మాత లీ స్క్రాచ్ పెర్రీ దగ్గర వాయించే ఈ ఇద్దరూ వెయిలర్స్‌తో కలిసినప్పుడు వచ్చిన పాటలే 'స్మాల్ యాక్స్', 'డప్పీ కాంకరర్'. మార్లే చేసినవాటిలో ఇవే బెస్ట్ అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఆ మాటలో నిజం ఉంది. మెరుగులు లేవు, పాట పచ్చిగా ఉంటుంది. అయితే ఆ రికార్డులు ఇంగ్లండ్‌లో అమ్ముడుపోయాయి, గ్రూప్‌కి రాయల్టీ మాత్రం రాలేదు. పెర్రీతో ఆ గొడవతోనే విడిపోయారు.

లండన్‌లో 4,000 పౌండ్ల పందెం

1972. టూర్ కోసం లండన్ వెళ్లిన వెయిలర్స్ చేతిలో డబ్బుల్లేక అక్కడే ఇరుక్కుపోయారు. చివరికి ఐలాండ్ రికార్డ్స్ ఓనర్ క్రిస్ బ్లాక్‌వెల్ ఆఫీసుకి వెళ్లారు. అతను జమైకాలో పెరిగిన తెల్లవాడు. ఆల్బమ్ చేసుకుని రమ్మని 4,000 పౌండ్లు చేతిలో పెట్టాడు. ఆ డబ్బు మళ్లీ కనపడదని చుట్టూ ఉన్నవాళ్లు అన్నారట. వెయిలర్స్ మాత్రం కింగ్‌స్టన్ వెళ్లి నిజంగానే ఆల్బమ్ చేశారు. అదే 1973లో వచ్చిన 'క్యాచ్ ఎ ఫైర్'.

అప్పటిదాకా రెగ్గే అంటే సింగిల్ రికార్డుల వ్యాపారం. దాన్ని రాక్ ఆల్బమ్‌లా అమ్మాలన్నది బ్లాక్‌వెల్ ప్లాన్. అందుకే టేపులు లండన్‌కి తెచ్చి, అమెరికన్ గిటారిస్ట్ వేన్ పెర్కిన్స్‌తో కొత్త గిటార్ ముక్కలు, జాన్ బండ్రిక్‌తో కీబోర్డు అతికించాడు. తెల్ల కుర్రాళ్ల చెవికి ఎక్కేలా చేసిన మార్పులివి. పాట పాడైందా, బాగైందా అని ఇప్పటికీ వాదనే. ఒకటి మాత్రం ఖాయం. ఆ మార్పులు లేకపోతే జమైకా బయట ఇంతమంది వినేవాళ్లు కాదు.

1974లో ఎరిక్ క్లాప్టన్ పాడిన 'ఐ షాట్ ద షెరీఫ్' అమెరికాలో నంబర్ వన్ అయింది. రాసింది ఎవరని జనం వెతికితే దొరికిన పేరు బాబ్ మార్లే. అప్పటికే లోపల జట్టు విరిగిపోతోంది. చలి టూర్లు బన్నీకి పడలేదు. ముగ్గురు సమానంగా ఉన్న గ్రూప్‌ని ఒక్కడి పేరు మీద అమ్మడం పీటర్‌కి నచ్చలేదు. ఇద్దరూ తప్పుకున్నారు. గ్రూప్ పేరు బాబ్ మార్లే అండ్ ద వెయిలర్స్ అయింది. వాళ్ల గొంతుల జాగాలోకి రీటా, మార్షియా గ్రిఫిత్స్, జూడీ మొవాట్ వచ్చారు.

1975లో లండన్ లైసియం హాల్లో రికార్డ్ చేసిన 'నో వుమన్, నో క్రై' లైవ్ వెర్షన్‌తో మార్లే స్టార్ అయిపోయాడు. ట్రెంచ్ టౌన్ యార్డు రోజుల జ్ఞాపకాల పాట అది. రచయితగా రికార్డు మీద ఉన్న పేరు మాత్రం విన్సెంట్ ఫోర్డ్. ఆ బస్తీలో పేదలకి గంజి, సూపు పోసే వంటిల్లు నడిపిన స్నేహితుడు. బాబ్ కూడా అక్కడ తిన్నవాడే. పాత పబ్లిషింగ్ కంపెనీకి డబ్బు వెళ్లకుండా వేరే పేరు పెట్టాడని ఆ కంపెనీ కోర్టుకి కూడా వెళ్లింది, కానీ గెలవలేదు.

1976 డిసెంబర్ 3 రాత్రి

అప్పటికి జమైకా రాజకీయాలు రక్తం రుచి చూశాయి. ప్రధాని మైఖేల్ మ్యాన్లీ పార్టీ ఒకవైపు, ఎడ్వర్డ్ సియాగా పార్టీ ఇంకోవైపు. రెండు పార్టీలకీ బస్తీల్లో తుపాకీ గ్యాంగులు. ఇలాంటప్పుడు గొడవలు చల్లారాలని మార్లే 'స్మైల్ జమైకా' పేరుతో ఫ్రీ కచేరీ ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే డిసెంబర్‌కి ఎన్నికలు ప్రకటించారు. దాంతో అతను మ్యాన్లీ మనిషన్న ముద్ర పడిపోయింది.

కచేరీకి రెండు రోజుల ముందు, రాత్రి, హోప్ రోడ్ 56 నంబర్ ఇంట్లో రిహార్సల్ జరుగుతోంది. తుపాకులతో గుంపు లోపలికి దూరింది. మేనేజర్ డాన్ టేలర్‌కి చాలా తూటాలు తగిలాయి. రీటా తలకి తగిలింది. మార్లే ఛాతీని రాసుకుంటూ వెళ్లిన తూటా చేతికి తగిలింది. అందరూ బతికి బయటపడటం అదృష్టమే. డిసెంబర్ 5న జనం ముందు మార్లే స్టేజ్ ఎక్కాడు. వచ్చినవాళ్లు సుమారు 80,000 మంది. ఆస్పత్రి గౌనులోనే రీటా పక్కన నిలబడి పాడింది. మర్నాడే అతను దేశం వదిలాడు.

లండన్‌లో ఆ ప్రవాసంలో చేసిందే 1977 'ఎక్సోడస్'. దాని టైటిల్ పాటలో కార్ల్‌టన్ వన్ డ్రాప్ పక్కన పెట్టేసి నాలుగు లెక్కల మీదా కాలి డ్రమ్ము కొట్టాడు. జనం కదిలి నడుస్తున్నట్టే ఉంటుంది. ఈ ఆల్బమ్‌నే 1999లో టైమ్ మ్యాగజైన్ 20వ శతాబ్దపు బెస్ట్ ఆల్బమ్‌గా ఎంచుకుంది.

అదే ఏడాది కాలి బొటనవేలు గోరు కింద పుండు మానలేదు. పరీక్ష చేస్తే మెలనోమా.. అంటే చర్మ క్యాన్సర్. ఫుట్‌బాల్ దెబ్బ వల్లే వచ్చిందని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. దెబ్బ వల్ల పుండు బయటపడింది అంతే. వేలు తీసేయాలన్నారు డాక్టర్లు. అతను ఒప్పుకోలేదు. శరీరాన్ని కోయకూడదన్న రాస్తఫారీ నమ్మకం ఒక కారణం. ప్రభావితమైన చర్మం వరకు తీసి కొత్త చర్మం అతికించారు. టూర్లు మళ్లీ మొదలయ్యాయి.

1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో వన్ లవ్ పీస్ కాన్సర్ట్. పాట మధ్యలో మార్లే మ్యాన్లీనీ, సియాగానీ స్టేజ్ మీదికి పిలిచాడు. ఇద్దరి చేతులూ పట్టి తన తల మీద కలిపి ఎత్తాడు. ఆ వీడియో ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంటుంది. వీడియోలో కనిపించని సంగతి ఒకటుంది. చేతులు కలిసినంత మాత్రాన తుపాకులు ఆగలేదు. 1980 ఎన్నికల ఏడాదిలో జమైకాలో 800 మందికి పైగా చనిపోయారు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకకి పిలుపొచ్చింది. పరికరాలు, మనుషుల ఖర్చు తనే పెట్టుకుని వెళ్లాడు. స్టేడియం బయట ఉండిపోయిన జనం తోసుకుని రావడంతో పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. కళ్లు మండుతూనే బ్యాండ్ మళ్లీ స్టేజ్ ఎక్కింది.

సెప్టెంబర్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జాగింగ్ చేస్తూ కుప్పకూలాడు. క్యాన్సర్ మెదడు దాకా పాకింది. రెండు రోజులకి పిట్స్‌బర్గ్‌లో పాడాడు. అదే చివరి కచేరీ. జర్మనీలో నెలల తరబడి ప్రత్యామ్నాయ వైద్యం చేయించుకున్నా ఫలితం లేదు. జడలు రాలిపోయాయి. జమైకాకి తిరిగి వెళ్తుండగా పరిస్థితి విషమించి, 1981 మే 11న మయామీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపి, నైన్ మైల్‌లో గిటార్‌తో పాటు సమాధి చేశారు.

తర్వాత డబ్బు ఎవరికి వెళ్లింది?

వీలునామా రాయలేదు. తన మతం ప్రకారం చావు గురించి ముందే రాసుకోకూడదన్నది అతని ఆలోచన. ఫలితం, ఆస్తి మీద ఏళ్ల తరబడి కేసులు. ఇంకోవైపు 1984లో 'లెజెండ్' పేరుతో పాటల సంకలనం వచ్చింది. తూటాలు, బస్తీలు తగ్గించి ప్రేమ పాటలు ఎక్కువగా పెట్టారు. ప్రపంచవ్యాప్తంగా 2.5 కోట్లకు పైగా కాపీలు పోయాయి. టీషర్ట్ మీది నవ్వు మొహం చాలావరకు ఆ ప్యాకింగ్ నుంచి వచ్చిందే.

ఆ బీట్ కొట్టిన కార్ల్‌టన్ బారెట్‌ని 1987 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్‌లో సొంత ఇంటి ముందే కాల్చి చంపారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో పీటర్ టోష్‌నీ ఇంట్లోనే కాల్చేశారు. బన్నీ 2021 దాకా బతికాడు. మధ్యలో 2018లో యునెస్కో రెగ్గేని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఫ్యామిలీ మ్యాన్ ఆస్టన్ మాత్రం కోర్టుకెళ్లాడు. తనకి, చనిపోయిన తమ్ముడికి రావాల్సిన రాయల్టీలు కోట్ల పౌండ్లలో ఉన్నాయంటూ ఐలాండ్ కంపెనీ మీద, మార్లే కుటుంబం మీద లండన్ హైకోర్టులో కేసు వేశాడు. 1994లో డబ్బు తీసుకుని రాజీ పడ్డాడు కాబట్టి ఇక హక్కు లేదని 2006లో కోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరి 3న 77 ఏళ్ల వయసులో ఆస్టన్ చనిపోయాడు. సరిగ్గా 11 రోజులకి మార్లే జీవితం మీద తీసిన 'బాబ్ మార్లే: వన్ లవ్' సినిమా థియేటర్లలోకి వచ్చింది. అందులో బేస్ గిటార్ పట్టుకుని ఫ్యామిలీ మ్యాన్‌గా కనిపించేది అతని కొడుకే.